చివరి మూడు రోజులు: ఇంక్యుబేటర్‌లో గుడ్లు కదలకుండా కాపాడుకోవడం

గుడ్డు పిల్ల అయ్యే తీరు చూపించే పాఠం వారానికి ఒక్కసారే కలిసే మన బడికి బాగా కుదురుతుంది. కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. ఆదివారం గుడ్లు పెడితే 7, 14, 21వ రోజులు కూడా ఆదివారాలే అవుతాయి. అయితే గుడ్లకి అసలు గండం 18వ రోజు నుంచి, అంటే మనకి తరగతి లేని గురువారం నుంచి మొదలవుతుంది. అందుకే ఆ మూడు రోజుల గురించి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి 18 రోజులు

ఇంక్యుబేటర్‌ని ఒకే టీచర్ ఇంట్లో ఉంచండి. ప్రతి ఆదివారం కారులో బడికి తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళడం గుడ్లకి మంచిది కాదు. కిటికీ ఎండ, ఏసీ గాలి తగలని చోట, కదలని బల్ల మీద పెట్టండి. గుడ్లు పెట్టకముందే ఒక రోజంతా ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉందో లేదో విడిగా ఇంకో థర్మామీటర్‌తో చూసుకోండి. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో వేడి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ (37.5 సెల్సియస్), తేమ 45 నుంచి 50 శాతం ఉండాలి.

పెట్ట తన కింద ఉన్న గుడ్లని రోజూ చాలాసార్లు ముక్కుతో దొర్లిస్తూ ఉంటుంది. అలా దొర్లించకపోతే లోపల పెరిగే పిండం పొరకి అంటుకుపోతుంది. తిప్పే మెషీన్ లేకపోతే ఆ పని మనమే రోజుకి 3 సార్లో, 5 సార్లో చెయ్యాలి. బేసి లెక్క పెట్టుకుంటే రాత్రంతా పైకి ఉండే పక్క రోజూ మారుతుంది. మొదటి రోజే పిల్లల చేత ప్రతి గుడ్డుకీ ఒక పక్క ‘అ’, రెండో పక్క ‘ఆ’ పెన్సిల్‌తో రాయించండి. మార్కర్ వాడొద్దు. పెంకుకి కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి, సిరా లోపలికి దిగొచ్చు.

7వ రోజున చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెట్టి వీడియోలో తరగతికి చూపించండి. సాలీడు కాళ్ళలాగా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉన్న గుడ్డుని పక్కకి తీసెయ్యండి.

18వ రోజు చెయ్యాల్సినవి

ఈ రోజుతో తిప్పడం ఆపెయ్యాలి. ఇప్పటికి పిల్ల గుడ్డంతా నిండిపోయి, వెడల్పు కొసన ఉన్న గాలి గది వైపు తల పెట్టి సర్దుకుంటూ ఉంటుంది. మొదటి ఊపిరి ఆ గాలి గదిలోనే తీసుకుంటుంది. తర్వాత పెంకుకి కన్నం పెడుతుంది. ఆ కన్నం కిందికి తిరిగిపోతే పిల్లకి గాలి ఆడదు, బయటపడే దారి కూడా కష్టమవుతుంది.

గుడ్లు ఎందుకు కదులుతాయని పిల్లలు అడుగుతారు. ముందు పుట్టిన పిల్లే కారణం. అది తడికాళ్ళతో తూలుతూ, మిగతా గుడ్ల మీద ఎక్కుతూ, వాటిని బంతుల్లా దొర్లించేస్తుంది. దీనికి రెండు సులువైన ఉపాయాలు ఉన్నాయి.

మొదటిది, అట్టతో చేసిన గుడ్ల ట్రే. అంచులు పొట్టిగా కత్తిరించి, ప్రతి గుంట అడుగునా గాలి ఆడటానికి కన్నం చేసి, గుడ్డు వెడల్పు కొస పైకి ఉండేలా నిలబెట్టాలి. రెండోది, వంటింటి అరల్లో పరిచే జారని రబ్బరు మ్యాట్. దాన్ని అడుగున పరిస్తే గుడ్లు అంతగా దొర్లవు, పుట్టిన పిల్లకి కాళ్ళు కూడా పట్టు దొరుకుతాయి. నున్నటి నేల మీద కాళ్ళు చెరో పక్కకీ జారిపోయి పిల్ల నిలబడలేకపోయే ప్రమాదం ఉంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మన ఊళ్ళల్లో పెట్టని పొదగేసేటప్పుడు గంపలో ఊకో, గడ్డో పోసి మధ్యలో గుంట చేస్తారు. గుడ్లు పక్కలకి పోకుండా ఆ గుంటలోనే ఒద్దికగా ఉంటాయి. పిల్లల ఇళ్ళకి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి ఉంటే ఈ గంప సంగతి అడిగి రమ్మనండి. ఆ వారం హోంవర్క్ అదే.

మూత తెరవొద్దు

18వ రోజు నుంచి తేమ 65 నుంచి 70 శాతానికి పెంచాలి. నీళ్ళు బయటి గొట్టం నుంచే పొయ్యండి. గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు. ఒక పిల్ల బయటికి వచ్చి అరుస్తుంటే మూత తీయాలనిపిస్తుంది. అప్పటికే కన్నం పెట్టుకున్న మిగతా పిల్లలకి అదే ప్రమాదం. తేమ ఒక్కసారిగా పడిపోతే లోపలి పొర ఎండి, పిల్లకి గట్టిగా పట్టేసి, అది తిరగలేకపోతుంది.

పుట్టిన పిల్ల ఆకలితో ఉంటుందని కంగారు పడక్కర్లేదు. బయటికి వచ్చే ముందే అది మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులు దానికి ఆ బలం చాలు. అమెరికా తపాలా శాఖ 1918 నుంచి రోజు పిల్లల్ని పెట్టెల్లో పంపగలుగుతున్నది అందుకే. ఒళ్ళంతా ఆరి, బొచ్చు విచ్చుకున్నాక తీసి, మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉన్న పెట్టెలోకి మార్చండి.

పెంకు ఒలిచి సాయం చెయ్యొద్దు

కన్నం పెట్టాక పిల్ల బయటపడటానికి మామూలుగా 12 నుంచి 24 గంటలు పడుతుంది. మధ్యలో గంటల తరబడి కదలదు. తరగతిలో ఎవరో ఒకరు ‘టీచర్, హెల్ప్ చేద్దాం’ అని ఏడుపు మొహం పెడతారు. ఆ సమయంలో లోపల ఏం జరుగుతోందో చెప్పండి: పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతోంది, పచ్చసొన పొట్టలోకి పోతోంది. అది పూర్తి కాకముందే మనం పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోవచ్చు.

ఈ పాఠంలో వచ్చే మాటలు

పిల్లలు ‘ఎగ్ హ్యాచ్ అయ్యింది’ అంటారు. తెలుగులో ఇది ఒక్క మాటతో పోదు. పొదిగేది తల్లి, లేదా మన పెట్టె. పిల్ల పెంకుని పొడుస్తుంది, పెంకు చిట్లుతుంది, పిల్ల బయటపడుతుంది. ఏ పని ఎవరు చేస్తున్నారో అడిగితే కర్త, క్రియ వాళ్ళకే తెలిసిపోతాయి. ‘పొద్దు పొడిచింది’ అన్నప్పుడు కూడా ‘పొడిచింది’ అనే అంటామని చెప్పి చూడండి.

పిల్ల కాని గుడ్డు

అన్ని గుడ్లూ పిల్లలు కావు. ఈ మాట మొదటి రోజే చెప్పాలి. 23వ రోజుకి కూడా కదలిక లేకపోతే పెట్టె ఆపెయ్యండి. ‘నిద్రపోతోంది’ అని చెప్పొద్దు. ‘ఇది పిల్ల కాలేదు, లోపలే చనిపోయింది’ అని మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లలు అడిగేవన్నీ అడగనివ్వండి.

మొదలుపెట్టే ముందే తల్లిదండ్రులకి ఉత్తరం రాయండి. గుడ్డు ముట్టని ఇళ్ళు కూడా మన బడిలో ఉన్నాయి, వాళ్ళకి అభ్యంతరం ఉందేమో కనుక్కోవాలి. పుట్టిన పిల్లల్ని ఎవరు తీసుకుంటారో కూడా ముందే తేల్చుకోండి. వాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి, పుంజుల్ని చాలా ఊళ్ళు ఒప్పుకోవు. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఫోర్-హెచ్ వాళ్ళని అడిగితే దారి చూపించొచ్చు.

కోడిపిల్లల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి, ముద్దులు పెట్టనివ్వకండి. అయిదేళ్ళలోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వస్తే దూరం నుంచే చూడాలి.