మారేడు: కాయకు, పండునకు గల భేదము

నల్లగొండ చెంత పానగల్లు ఛాయాసోమేశ్వరునికిని, అచ్చంపేట చెంత నల్లమల కొండలలో వెలసిన ఉమామహేశ్వరునికిని మనము సమర్పించు బిల్వదళము అందఱెఱిగినదే. ఆ చెట్టు ఫలమును గూర్చి మాత్రము పలువురికి పొరపాటు కలదు.

ఫలములన్నియు పండిననే గుణాధికములని చెప్పిన భావప్రకాశము మారేడును మినహాయించినది. లేతకాయ జఠరాగ్నిని దీపింపజేసి అతిసారమును అరికట్టును. అందుచేతనే వైద్యులు లేతకాయను బిళ్ళలుగా కోసి, ఎండబెట్టి, చూర్ణముగను కషాయముగను వాడుదురు. పండినది తియ్యనిదే గాని గురుద్రవ్యము. ఆలస్యముగా జీర్ణమగును, కడుపుబ్బరము కలిగించును. కావున “విరేచనములకు మారేడు మంచిది” అను మాట విని, నీరసించిన పసిబిడ్డకు పండుగుజ్జు తినిపింపరాదు. నీరు, లవణము కలిపిన పానీయములు త్రాగించుచు వెంటనే వైద్యునికి చూపవలెను. కాయనైనను వైద్యుని సలహా లేక వాడరాదు.

దశమూలములలో బిల్వమూలము ఒకటి. అయినను వేరు త్రవ్విన చెట్టు బ్రతుకుట కష్టము. దళములకై కొమ్మలు విఱుచుటయు తగదు, అవసరమైనంతవఱకే కోయవలెను. నిత్యము దళముతో అర్చించువారు ఒక్క మారేడు మొక్కనైనను నాటి నీరు పోసి పెంచుట శివునికి ప్రీతికరమైన సేవ.