పలుగురాయి, వెలుగు, విద్యుత్తు

నల్లగొండ, మహబూబునగరు మెట్టభూములలో తిరుగువారికి పలుగురాయి క్రొత్త వస్తువు కాదు. గ్రానైటు గుట్టలను చీల్చుకొని తెల్లని చారలవలె అది సాగిపోవుచుండును. చారలలోని రాయి పాలవలె మసకగా నుండును; అదే పదార్థము తగినంత చోటు దొరకి నెమ్మదిగా పెరిగినచో ఆరు పలకల నిర్మలమైన స్ఫటికమగును. రైతు చేనిలోనుండి ఏరి గట్టున పారవేయు ఈ రాతిజాతికి ఒక విచిత్రగుణము గలదు. స్ఫటికముపై విద్యుద్బలమును ప్రయోగించినచో, దాని గుండ పోవు వెలుగుయొక్క వేగము మారును. ఆ మార్పు ఎల్లవేళల ఒక్కతీరుగా నుండదు. ఏల ఉండదో తెలిసికొనుటయే నేటి ప్రసంగవిషయము.

ఈ గుణమును పలుగుస్ఫటికమున 1883లో రంట్జెను, కుంట్ అను శాస్త్రజ్ఞులు వేరువేరుగా కనుగొనిరి. మార్పు మిక్కిలి స్వల్పము. ఒక సెంటీమీటరు మందముగల పలుగుస్ఫటికమునకు పదివేల వోల్టుల నొసగినను, వక్రీభవన గుణకము పదిలక్షలలో ఒక వంతైనను మారదు. అయినను వెలుగు తరంగము అతిసూక్ష్మము గనుక, ఆ స్వల్పభేదమును సాధనములు పట్టుకొనగలవు.

అప్పుడొక సందేహము పుట్టినది. విద్యుద్బలము తగిలినప్పుడు ఇట్టి స్ఫటికములు కించిత్తు సాగును, లేక ముడుచుకొనును. సాగిన స్ఫటికములో వెలుగు నడక మారుట సహజమే. అట్లయిన ఈ మార్పంతయు సాగుటవలన కలిగినదేనా? కాదని 1893 ప్రాంతమున పోకెల్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. సాగుటవలన కలుగు భాగము కొంత. విద్యుత్తు నేరుగా కలిగించు భాగము కొంత. ఈ రెండు భాగములను వేరుచేయుటకు తోడ్పడునది పౌనఃపున్యము, అనగా విద్యుత్తు సెకనుకు ఎన్ని మారులు దిశ మార్చి మరల మొదటి దిశకు వచ్చునను సంఖ్య.

కోలాటమును తలచుకొనుడు. తాళము నెమ్మదిగా నున్నంతవరకు వృద్ధులును, బాలురును, పడుచువారును అందరు అడుగు కలుపుదురు. తాళము వడి హెచ్చినకొలది బరువైనవారు తొలగుదురు, తేలికయైనవారే నిలుతురు. స్ఫటికములోను ఇంతే. విద్యుత్తు నెమ్మదిగా మారునప్పుడు స్ఫటికమంతయు సాగుచు ముడుచుకొనుచు తోడువచ్చును. ఒక సెంటీమీటరు పలుగుముక్కకు సెకనుకు సుమారు మూడులక్షల కంపనముల దగ్గర స్వాభావికమైన ఊపు గలదు. అచ్చట అది ఉయ్యాలవలె విశేషముగా కదలి కొలతలను తారుమారు చేయును. ఆ ఊపులన్నియు దాటి మిక్కిలి హెచ్చు పౌనఃపున్యమునకు పోయినచో స్ఫటికమంతయు కదలజాలదు. లోని అయానులును ఎలక్ట్రానులును మాత్రము స్పందించును. లక్షలకోట్ల కంపనములను మించినచో అయానులును వెనుకబడును, ఎలక్ట్రానులు మాత్రము మిగులును.

లిథియం నయోబేటు అను స్ఫటికమును చూడుడు. దాని గుణకములలో ఒకటి తక్కువ పౌనఃపున్యమున వోల్టుకు 6.8 పికోమీటరులు, స్ఫటికము సాగజాలని పౌనఃపున్యమున 3.4 మాత్రమే, సరిగా సగము. మరియొక దిశకు చెందిన గుణకమో, రెండు స్థితులలోను 31కి అటునిటుగనే నిలుచును. మొదటి గుణకమునకు నెమ్మదికొలతను నమ్మి వేగముగల సాధనమును కట్టినవానికి, తలచిన ఫలములో సగమే దక్కును. నేడు సముద్రములను దాటి గాజుతంతుల గుండ పోవు వార్తలను వెలుగుపై ముద్రించు సాధనములలో పెక్కింట వాడబడునది ఆ రెండవ గుణకమే.

వెలుగుయొక్క రంగును బట్టియు ఫలము మారును. పొటాషియం డైహైడ్రోజను ఫాస్ఫేటు స్ఫటికమునకు ఆకుపచ్చని వెలుగును అరతరంగము వెనుకకు జరుపుటకు సుమారు 7,500 వోల్టులు కావలెను. ఎరుపునకు సుమారు 8,800 కావలెను. కంటికి కానరాని పరారుణమునకు ఇంకను హెచ్చు. తరంగము పొడవైనకొలది దానిని అరతరంగము జరుపుటకు హెచ్చు బలము వలయుటయే ఇందులకు ముఖ్యకారణము. గుణకము మాత్రము స్ఫటికము పారదర్శకముగా నున్నంతవరకు మెల్లగా మారును. వెలుగును స్ఫటికము మ్రింగివేయు అతినీల ప్రాంతమును సమీపించినకొలది వడిగా పెరుగును.

సాగుటవలన కలుగు భాగమును లెక్కకట్టుటకు, ఒత్తిడిచే స్ఫటికములో వెలుగు ఎట్లు మారునో ముందు తెలియవలెను. ఆ విద్యలో తెలుగువారి కృషి గణనీయము. ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతము గారు వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమున నుండగా, 1942లో, ఘనవ్యవస్థలోని కొన్ని స్ఫటికవర్గములకు ఇట్టి గుణకములు పోకెల్స్ చెప్పినట్లు మూడు కావనియు, నాలుగనియు సౌష్ఠవ గణితముచే చూపిరి. తరువాత వారు హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి. ఆ విశ్వవిద్యాలయమునందే పరిశోధన సాగించిన టి. ఎస్. నరసింహమూర్తి గారు ఒత్తిడివలనను, విద్యుత్తువలనను స్ఫటికకాంతిలో కలుగు మార్పులను గూర్చి రచించిన ఉద్గ్రంథము 1981లో వెలువడినది.

కావున స్ఫటికపు గుణకమిదియని ఎవరైన ఒక సంఖ్యను చెప్పినప్పుడు, ఏ పౌనఃపున్యమున, ఏ తరంగదైర్ఘ్యమున కొలిచితిరని అడుగుట ధర్మము. ఆ రెండును చెప్పని సంఖ్య, కొలతపాత్ర పేరు చెప్పని ధాన్యపు లెక్క వంటిది. వినుటకు బాగుండునే గాని, బేరమునకు పనికిరాదు.