ఇసుక కింద కాపురం

జువాలజీ పిల్లల్ని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్తే ముందు చేపలవైపే చూస్తారు. నేను మాత్రం నీటికి బారెడు దూరంలో ఇసుకలో గుంట తవ్విస్తాను. కాసేపటికి అడుగున నీళ్లు ఊరతాయి. వాటిని సన్నటి వలగుడ్డలో వడగట్టి, మిగిలినదాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే కదులుతుంది! ఇది చెలమ తవ్వడమే కదా అంటారు పిల్లలు. అవును, అదే. శాస్త్రంలో దీనికి కరమన్-చాపుయి పద్ధతి అని పేరు.

కనిపించేవి చాలావరకు మిల్లీమీటరు కూడా లేని, రొయ్యకి దూరపు చుట్టాలు: కోపిపాడ్లు, అదృష్టం బాగుంటే బాతినెల్లిడ్లు. బాతినెల్లిడ్లకి కళ్లు లేవు, రంగు లేదు. ఒళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లావైతే రేణువుల సందుల్లో దూరలేవు మరి. చీకట్లో మొక్క పెరగదు కాబట్టి తిండీ, ఆక్సిజనూ పైనుంచే రావాలి. ఏరు రాళ్లమీద దూకేచోట నీరు గులకల్లోకి దిగి, కొంతదూరం లోపలే నడిచి మళ్లీ పైకొస్తుంది. ఆ నీరు తెచ్చిన కుళ్లిన ఆకుల నలుసులు, రాళ్లకి పట్టిన బ్యాక్టీరియా పొర, ఇవే భోజనం.

ఇలా ఇసుక కింద బతికే జీవులు నదినుంచి ఎంత దూరం పోతాయి? అమెరికాలోని మొంటానాలో, ఫ్లాట్‌హెడ్ నదికి రెండు కిలోమీటర్ల అవతలి బావుల్లో స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు దొరికాయని 1988లో స్టాన్‌ఫర్డ్, వార్డ్ ప్రకటించారు. మన నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి కోస్తా బోర్లనీ, నదుల ఇసుకనీ గాలించి ఇలాంటి జీవుల్లో ఎన్నో కొత్త జాతులకి పేర్లు పెట్టారు.

సన్న బురద పేరుకుంటే సందులు మూసుకుపోతాయి, ఆక్సిజన్ అందదు. ఇసుకని లారీలకెత్తితే ఇల్లే పోతుంది. తవ్వకాలకి అనుమతులిచ్చేముందు ఆ రేవులోని ఈ జీవుల సర్వే కూడా అధికారులు చేయించాలి.