మధ్యలో హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారు

ఈ సంచిక సంపాదకుడైన తమ్ముడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "అక్కా, మన శనివారం క్లాసు గురించి రెండు పేజీలు రాసివ్వు. ఒక ఫొటో కూడా." ఇన్నేళ్ల సంగతి రెండు పేజీల్లో ఎక్కడ పట్టించాలో తెలీక నెల రోజులు నాన్చాను. పైగా పేర్లు వద్దని ఇంకో షరతు. క్లాసుకొచ్చిన వాళ్లలో చాలామంది ఇంకా గ్రీన్‌కార్డు వరసలోనే ఉన్నారు, అచ్చులో పేరు పడితే ఏమవుతుందోనని వాళ్ల భయం వాళ్లది. కిందటి సంచికలో ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అని జరిగిన రభస కూడా మీకు తెలియంది కాదు. అందుకని ఊళ్ల పేర్లతోనే లాగించేస్తాను. ఎవరెవరో మీరే పోల్చుకుంటారు.

ముందుగా ఒక దిద్దుబాటు. ఈమధ్య వచ్చిన కమిటీవాళ్లు వేదికెక్కినప్పుడల్లా "2015లో పని అనుమతి కార్డులు రాగానే మన క్లాసు మొదలైంది" అంటున్నారు. వాళ్లు అప్పటికి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో లేరు కాబట్టి తప్పు పట్టను. కానీ క్లాసు కార్డులకంటే ముందుది. అది మొదలైంది ఉద్యోగాల కోసం కాదు, కారు కోసం.

బ్రిడ్జ్‌వాటర్ గుడిలో శనివారం దర్శనం చేసుకుని చెప్పులు వేసుకుంటున్నాం. కడప వదిన నన్ను పక్కకు పిలిచి, "నీకు డ్రైవింగ్ వచ్చునా?" అని గుసగుసగా అడిగింది. రాదన్నాను. "నాకూ రాదు. ఆయన టూరెళ్తే పాల ప్యాకెట్టుక్కూడా గతి లేదు" అంది. విజయవాడలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, రెండొందలమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఇక్కడ పాల ప్యాకెట్టు కోసం మొగుడి కారు చప్పుడుకి చెవులు నిక్కబొడుచుకుని కూర్చునేదాన్ని.

హెచ్-4 అంటే ఏమిటో ఈ సంచిక చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. హెచ్-1 ఉద్యోగి భార్యగా వచ్చినవాళ్ల వీసా. అప్పట్లో పని చేయకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చేవారు కాదు. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్లాలంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి పోయి "ఈమెకు నంబరు ఇవ్వడం కుదరదు" అని ఉత్తరం తెచ్చుకోవాల్సి వచ్చేది. అమెరికా సర్కారు నా పేరున ఇచ్చిన మొదటి ఉత్తరం అదే. నాకు ఏది లేదో రాసి, ముద్ర వేసి మరీ ఇచ్చారు. ఇంకా దాచుకున్నాను.

న్యూజెర్సీలో రోడ్డు పరీక్షకు ఇంకో చిక్కుండేది. పక్కన కూర్చున్న అధికారికి బ్రేకు అందాలి. అంటే హ్యాండ్‌బ్రేకు రెండు సీట్ల మధ్యలో ఉండాలి. మనవాళ్లిళ్లలో ఉన్నవేమో సియన్నాలు, ఒడిస్సీలు, వాటికి పార్కింగ్ బ్రేకు ఎడమ కాలి కింద. అలాంటి బండిలో వెళితే పరీక్ష పెట్టకుండానే వెనక్కి పంపేసేవారు. మధ్యలో హ్యాండ్‌బ్రేక్ ఉన్న కారు మా అందరిలో ఒక్క కరీంనగర్ అక్క వాళ్లింట్లో ఉంది. పాత కొరోల్లా. డ్యాష్‌బోర్డు మీద బొట్టు పెట్టిన బుల్లి వినాయకుడు, వెనక సీటు సందుల్లో చీరియోస్, ఎండాకాలంలో తలుపు తీస్తే గుప్పున ఆవకాయ వాసన. ఒకసారి ఇండియా నుంచి తెచ్చిన జాడీ అందులోనే ఒలికింది. ఆ వాసన చివరిదాకా పోలేదు.

అక్కవాళ్లాయన, మా అందరికీ బావగారు, ప్రతి శనివారం ఒక ఆఫీసు భవనం వెనక ఖాళీ పార్కింగులో మాకు నేర్పేవారు. ఒకరు నడుపుతుంటే మిగతావాళ్లం పిల్లల్ని పట్టుకుని గట్టు మీద కూర్చునేవాళ్లం. నేను ఓసారి హ్యాండ్‌బ్రేకు సగం దించి రెండు మైళ్లు నడిపాను. మాడు వాసన వస్తుంటే "ఎవరింట్లోనో పోపు మాడింది" అన్నాను. బావగారు ఏమీ అనలేదు. మెల్లగా చెయ్యి చాపి పూర్తిగా దించారంతే. నాకు మూడో పరీక్షకి లైసెన్సు వచ్చింది. ఆ కారులో లైసెన్సు తెచ్చుకున్న ఆడవాళ్ల లెక్క మా గుంటూరు ట్రెజరర్ గారి దగ్గరుంది, నేను చెబితే కోతలంటారు.

చలికాలం వచ్చేసరికి గట్టు మీద కూర్చోవడం కుదరక లైబ్రరీలో చేరాం. పిల్లల కథల గంట జరుగుతుంటే ఆ పక్క మీటింగు గదిలో మేము. అలా అది క్లాసయింది. మొదట్లో ఇంగ్లీషు మాట్లాడ్డం, తర్వాత ఎక్సెల్, ఆ తర్వాత ఎవరికి ఏది వస్తే అది. పని చేయకూడదు సరే, నేర్చుకోవద్దని ఎవరూ అనలేదు కదా.

ఇక 2015. ఫిబ్రవరి 25న నిబంధన గెజిట్‌లో వచ్చింది, మే 26 నుంచి అమలు. భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే అర్జీ) మంజూరైనా, ఆరేళ్లు దాటి హెచ్-1 పొడిగింపు మీద ఉన్నా, భార్య పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటి ఏడాదే 1,79,600 మంది దాకా అర్హులుంటారని ప్రభుత్వం అంచనా వేసింది. ఆ వారం మా లైబ్రరీ బల్ల మీద పెళ్లింట్లో శుభలేఖలు పరిచినట్టు కాగితాలు: ఐ-765 ఫారాలు, ఫొటోలు, పెళ్లి సర్టిఫికెట్లు, 380 డాలర్ల చెక్కులు. మా గుంటూరు ట్రెజరర్ గారు ప్రతి చెక్కూ రెండుసార్లు చూసి గానీ కవరు అంటించనిచ్చేవారు కాదు.

అయితే ఆ గదిలో అందరూ నవ్వలేదు. శ్రీకాకుళం చెల్లెలి భర్త కంపెనీ ఐ-140 వేయనే లేదు. ఆ అమ్మాయి అందరి కవర్ల మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో చిరునామాలు రాసి, తను మాత్రం వట్టి చేతులతో ఇంటికెళ్లింది. తర్వాత ఏళ్ల తరబడి అంతే. ఇంట్లో క్యారేజీలు కట్టి డబ్బు తీసుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అది కూడా పనికిందే లెక్క, రేపు గ్రీన్‌కార్డు దగ్గర మెడకు చుట్టుకుంటుందని మేమే ఆపాం. అలా ఆపినందుకు ఆ అమ్మాయి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

కార్డులొచ్చాక తెలిసింది, అసలు అడ్డం కార్డు కాదని. రెజ్యూమెలో ఏడెనిమిదేళ్ల ఖాళీ. అదేమీ మాకు రాయడం చేతకాక వచ్చిన ఖాళీ కాదు, చట్టం పెట్టిన ఖాళీ. అయినా ఎదుటివాడు "ఈ ఎనిమిదేళ్లు ఏం చేశారు?" అనగానే తల దించుకున్నది మేమే. నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా కావాలంటే సంపాదకుడు కత్తిరించుకోవచ్చు.

అందుకే క్లాసులో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలుపెట్టాం. మొదటిది కడప వదినకి. ట్రెజరర్ గారు కోటు వేసుకొచ్చి దొరలా కూర్చున్నారు. ఆయన ఆ ప్రశ్న వేశారు. వదిన కొంగు సర్దుకుని, "నథింగ్ సార్. జస్ట్ హౌస్‌వైఫ్" అంది. ఆయన కోటు విప్పేసి తెలుగులోకి దిగారు.

"బ్రహ్మోత్సవాలప్పుడు గుడి వంటశాల లెక్కలు ఎవరు చూశారమ్మా?"

"నేనేనండి."

"బియ్యం ఎన్ని బస్తాలు తెప్పించాలో ఎలా తెలిసేది?"

"కిలోకి ఎనిమిది మంది. ఏకాదశి అయితే సగం తగ్గించుకోవాల. వానపడితే ఇంకో పావు తగ్గించాల. కొట్టువాడి బిల్లుకీ, వచ్చిన సరుక్కీ నేనే టాలీ చూసేదాన్ని. ఒకసారి వాడు నూనె డబ్బాలు రెండు ఎక్కువ రాస్తే పట్టుకున్నా."

"మరి ఏమీ చెయ్యలేదంటావేంటి?"

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది పనాండీ?" అంది.

ఆ సంభాషణ మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చి అయిదు లైన్లు చేయడానికి మాకు రెండు శనివారాలు పట్టింది. సేవ చేసిన చోట సేవ అనే రాశాం, జీతం ఉద్యోగమని రాయలేదు. వదిన ఇప్పుడొక కిరాణా హోల్‌సేల్ కంపెనీలో బిల్లుల విభాగం చూస్తోంది. నూనె డబ్బాల లెక్క ఇంకా తప్పలేదట.

జీతం ఉద్యోగమని రాయలేదని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అదే రోజుల్లో ఓక్‌ట్రీ రోడ్డులో వేరే దారి తెరిచి ఉంది. ఒక కన్సల్టెన్సీ, పేరు రాయను. ఆరు వారాల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనింగ్, ఏడేళ్ల అనుభవం వాళ్లే "పెడతారు", ఫోన్ ఇంటర్వ్యూలో మన బదులు ఇంకెవరో మాట్లాడతారు. చేరండని మా క్లాసుకే వచ్చి విజిటింగ్ కార్డులు పంచారు. ఆ రాత్రి కరీంనగర్ అక్క ఇంట్లో పెద్ద గొడవ. "ఇల్లు గడవాలె గదా, అందరు చేస్తలేరా?" అని అక్కే అంది. ట్రెజరర్ గారు ఫేకు పెట్టేవాళ్లకి క్లాసులో చోటు లేదన్నారు. సగంమంది లేచి వెళ్లిపోయారు.

నేను సుద్దపూసనని చెప్పను. నా రెజ్యూమె కూడా ఒక రాత్రి వాళ్ల దగ్గరే ఉంది. పొద్దున్నే తిరిగొచ్చిన కాగితం చదివితే నేను షార్లెట్‌లో ఒక బ్యాంకులో అయిదేళ్లు పని చేసినట్టుంది. షార్లెట్ ఎటువైపో కూడా నాకు తెలీదు. నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. కెమిస్ట్రీ చెప్పిన నాలుగేళ్లు అందులో ఒక్క లైను కూడా లేవు.

వెళ్లినవాళ్లకు మాకంటే ముందే ఉద్యోగాలొచ్చాయి. కాదనను. కొందరికి నిలిచాయి, కొందరికి నిలవలేదు. వాళ్లే తర్వాత వేరుగా ఒక బృందం పెట్టుకున్నారు. ఏటా హోటల్ హాలు, స్లైడ్ షో, శాలువాలు, అంతా బాగానే చేస్తారు. మాకు ఇప్పటికీ లైబ్రరీ బల్లే, ఒక కాలు ఊగుతుంది, దాని కింద అట్టముక్క పెడతాం.

ఇక డిగ్రీల బాధ. ఇక్కడ సబ్‌స్టిట్యూట్ టీచరు కావాలన్నా కాలేజీ క్రెడిట్లు లెక్క చూపించాలి, మన మార్కుల్ని మదింపు చేయించాలి. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవరు రావాలి. మా నాన్నగారు డెబ్బయ్యేళ్ల వయసులో నా కన్సాలిడేటెడ్ మెమో కోసం మూడుసార్లు బస్సెక్కారు. మొదటిసారి గుమాస్తా భోజనానికి వెళ్లాడు, రెండోసారి చలానా తప్పు. మూడోసారి కవరు చేతికొచ్చింది. ఇంటికి తెచ్చాక మా మేనమామ, లోపల సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని కవరు చింపి, మార్కులు చదివి, "ఫిజికల్లో తగ్గాయేమే" అని ఫోన్ చేశారు. సీలు పోయింది. నాన్నగారు నాలుగోసారి బస్సెక్కారు. ఆ కవరుతోనే నాకు సర్టిఫికెట్టు వచ్చింది, తరగతి గదిలోకి మళ్లీ అడుగు పెట్టాను.

బీఫార్మసీ పిల్లలది ఇంకా అన్యాయం. మన దగ్గర వీధికో ఫార్మసీ కాలేజీ. ఇక్కడ ఫార్మసిస్టు పరీక్షకు, 2003 తర్వాత పట్టా పొందినవాళ్లకైతే, అయిదేళ్ల చదువు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. ఆ ఒక్క ఏడాది తేడాకి దారి మూసుకుపోయింది. ఖమ్మం అమ్మాయి ఆ సంగతి మా బల్ల దగ్గరే తెలుసుకుని గంటసేపు ఏడ్చింది. చివరికి టెక్నీషియన్‌గా నమోదై మందుల షాపులో చేరింది. బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. ఆమెది మేం గెలిచిన కథల్లో వేసుకోకూడదని నా అభిప్రాయం. కమిటీ బ్రోషరులో వేసుకుంది.

తర్వాతి సంవత్సరాలు మీరంతా చూసినవే. 2019 మార్చి నుంచి హెచ్-4 పొడిగింపుకి వేలిముద్రలన్నారు, కరోనాలో ఆ కేంద్రాలు మూశారు, కార్డు గడువు తీరి ఉన్న ఉద్యోగాలు పోయాయి. 2021లో ఆ వేలిముద్రలు ఎత్తేశారు. 2022 చివర్లో లేఆఫ్‌లు మొదలయ్యాక మగవాళ్లూ బల్ల దగ్గరికొచ్చారు, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికున్న అరవై రోజుల గడువు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. ఆ వివరాలు ఇప్పటి కార్యదర్శి రాస్తే బాగుంటుంది, ఆవిడ దగ్గర స్ప్రెడ్‌షీట్ ఉంది.

కృతజ్ఞతలు చెప్పకపోతే ఊళ్లో తిరగలేను. కొరోల్లా ఇచ్చిన కరీంనగర్ అక్కకీ, బావగారికీ. ట్రెజరర్ గారికీ, చలికాలమంతా ఫ్లాస్కుతో టీ పంపిన వారి శ్రీమతికీ. చిరునామాలు రాసిన శ్రీకాకుళం చెల్లెలికి (కిందటి ఏడాది తనకీ కార్డొచ్చింది). గది తాళాలిచ్చిన లైబ్రరీ పెద్దావిడకి. పని అనుమతి ఉన్నవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇంటర్వ్యూలు నేర్పిన న్యూయార్క్ అప్‌వర్డ్‌లీ గ్లోబల్ వాళ్లకి. జిరాక్సు కాగితం బండిలో వేసుకొచ్చే నెల్లూరు అన్నకి. పిల్లల్ని ఆడించిన హైస్కూలు పిల్లలకి. బల్ల కింద అట్టముక్క పెట్టినవారెవరో వారికి. విడిపోయి వెళ్లినవాళ్లక్కూడా, మొదటి ఏడాది ప్రింటరు వాళ్లదే.

బావగారు కొరోల్లా అమ్మేశారు. కొన్నవాడు వాసన గురించి అడిగాడట.

క్లాసు ప్రతి శనివారం పదింటికి, లైబ్రరీ రెండో అంతస్తులో, పిల్లల్ని తెచ్చుకోవచ్చు. ఇండియా నుంచి కవరు వస్తే మాత్రం ఇంట్లో ఎవర్నీ తెరవనీకండి.