ఏ కెమేరాకు ఆయుష్షు ఎక్కువ?

పిల్లలూ, నిజామాబాదులో చెరకురసం బండి చూసే ఉంటారు. ఒక పళ్లచక్రం రెండోదాన్ని తిప్పుతుంది, మధ్యన చెరకు నలుగుతుంది. పన్ను విరిగితే లేతు మిషను మీద కొత్త చక్రం కోయించవచ్చు. బోధనులో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మరలకూ సూత్రం ఇదే. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిననాటి ఫోటోలు తీసిన కెమేరా ఏదైనా మీ అటకమీద ఉన్నదేమో! పాతసామాన్లవాడికి వేసేముందు ఈ సంగతి వినండి.

ఆ కాలపు కెమేరా కూడా ఒక చిన్న చెరకుమరే. మీట లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. బొత్తాం నొక్కగానే స్ప్రింగు విడివడి షట్టరును తెరుస్తుంది. ఎంతసేపు తెరచి ఉండాలో చిన్న పళ్లచక్రాలు చూసుకుంటాయి. బ్యాటరీతో పని లేదు. 1977లో వచ్చిన నైకాన్ ఎఫ్‌ఎం కెమేరాలో బ్యాటరీ వెలుతురు కొలవటానికి మాత్రమే. అది లేకున్నా ఫోటో పడుతుంది.

అంతకు ఒక ఏడాది ముందు, 1976లో, కానన్ ఏఈ-1 వచ్చింది. అందులో కాలాన్ని లెక్కించేది ఎలక్ట్రానిక్ చిప్. లెక్క బహు కచ్చితం, ఒప్పుకోవలసిందే! గాని బ్యాటరీ లేకపోతే షట్టరు తెరుచుకోనే తెరుచుకోదు. చిప్ చెడితే లేతు మీద కోయగలమా? కంపెనీ ఆ భాగం చేయటం మానేస్తే మరో పాత కెమేరాను విప్పి అందులోది తీసి పెట్టవలసిందే.

అయితే మర కెమేరా చిరంజీవా? కాదు. ఏళ్లు గడిస్తే లోపలి నూనె జిగురౌతుంది. ఒక సెకనుకు పెట్టి నొక్కి చూడండి. షట్టరు మధ్యలో ఆగిపోతే జబ్బు అదే. తమాషా ఏమిటంటే, ఏఈ-1కు పేరుమోసిన జబ్బూ నూనెదే! లోపల చక్రాలలో నూనె ఎండి, నొక్కినప్పుడల్లా కీచుమంటుంది. చిప్ మాత్రం చాలావాటిలో ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

వానాకాలం రెండింటికీ శత్రువే. తోలుసంచి చెమ్మ పట్టి, అద్దంమీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. అందుచేత సంచిలోంచి తీసి పొడిచోట ఉంచండి. బ్యాటరీ తీసివేయండి, కారితే లోపలి రాగి తీగలను తినేస్తుంది.

ఇంతకూ కెమేరా బతికితే చాలదు, ఫిల్ము కూడా బతకాలి. కోడాక్రోమ్ అనే ప్రసిద్ధమైన రంగుల ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయింది. 120 అనే ఫిల్ము మాత్రం 1901లో బ్రౌనీ డబ్బా కెమేరా కోసం పుట్టి ఈనాటికీ దొరుకుతున్నది. బరోడాలో తయారై మన దేశంలో ఎన్నో ఇళ్లకు చేరిన ఆగ్ఫా క్లిక్ త్రీకి కావలసింది అదే.

మీ ఇంట అటువంటిది ఉంటే తొందరపడి వెనక మూత తీయకండి. వెనకనున్న చిన్న ఎర్రకిటికీలో అంకెగాని, కాగితంగాని కనబడితే లోపల ఫిల్ము ఉన్నట్టే. వెలుతురు తగిలితే అందులోని బొమ్మలు పోతాయి. మూత అలాగే ఉంచి, ఫిల్ము కడిగేవారి చేతికి ఇప్పించండి.