నట్టు మూలల్ని ఎవరు తిన్నారు?

పిల్లలూ! మీది గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లె అయితే, పత్తి చేలల్లో, మిరప చేలల్లో వీపున ఇంజను తగిలించుకుని మందు కొట్టేవారిని చూసే ఉంటారు. ఆ యంత్రమే పవర్ స్ప్రేయరు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూలలో చేరి రైతులను ఎంత ఏడిపించిందో మీ పెద్దలను అడగండి. అలాంటి రోజుల్లో స్ప్రేయరు మొరాయిస్తే ఎలా?

విప్పి చూద్దామంటే నట్టు తిరగదు! ఆరు మూలలూ అరిగి గుండ్రంగా ఉంటుంది. ఆ మూలల్ని తిన్నదెవరు? చాలాసార్లు ఆ దొంగ సరిపడని పానాయే!

పానా మీద ఒక అంకె ఉంటుంది. అది బోల్టు లావు కాదు. నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాల మధ్య దూరం. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 13 అంకె పానా కావాలి.

ఒకప్పుడు ఏ కార్ఖానా మర కొలత దానిదే. 1841లో ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ మరలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలని ప్రతిపాదించాడు. ఆయన కొలతలు అంగుళాల్లో ఉండేవి. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి అమలులోకి వచ్చాయి. అందుకే పాత పనిముట్ల పెట్టెలో రెండు రకాల పానాలూ కలిసి ఉంటాయి. చిక్కంతా ఇక్కడే! అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ నట్టుకు 13 పానా పడుతుంది. కాని 0.3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. బలంగా తిప్పితే బరువంతా ముఖాల మీద కాక మూలల మీద పడుతుంది. మూలలు నలిగిపోతాయి.

నోరు తెరిచిన పానా రెండు ముఖాలనే పట్టుకుంటుంది. రింగు పానా నట్టును చుట్టూ పట్టుకుంటుంది. కాబట్టి పొగగొట్టం దగ్గర వేడికి, మసికి బిగుసుకున్న నట్లకు రింగు పానాయే మేలు. స్పార్క్ ప్లగ్గుకైతే లోతుగా ఉండే ప్లగ్గు పానా వేరే ఉంది. దాన్ని వంకరగా పెట్టి తిప్పితే ప్లగ్గు పింగాణీ పగులుతుంది.

చిన్న పానా పొట్టిగా, పెద్దది పొడుగ్గా ఎందుకుంటాయి? మీ ఇంటి తలుపును పిడి దగ్గర తోయండి. తరువాత బందు దగ్గర తోయండి. ఎక్కడ తేలిక? ఇరుసుకు దూరమయ్యేకొద్దీ మన బలానికి తిప్పే శక్తి పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో 10 కిలోల బలం, 10 సెంటీమీటర్ల దూరంలో 20 కిలోల బలంతో సమానం. చిన్న బోల్టు తట్టుకోగలిగినంతే తిప్పాలని చిన్న పానాను పొట్టిగా చేస్తారు. దానికి గొట్టం తొడిగి పొడిగిస్తే బోల్టు తెగిపోవచ్చు.

ఒక్క హెచ్చరిక! మందు స్ప్రేయరును మీరు ముట్టుకోకండి. దానికి విషం అంటి ఉంటుంది; పొగగొట్టం చేయి కాలుస్తుంది. మీ సైకిలు ఉందిగా! దాని నట్లను స్కేలుతో కొలవండి. ఏ నట్టుకు ఏ పానానో పట్టిక రాయండి. రేపు మీ నాన్న పెట్టెలో పానా వెతుకుతున్నప్పుడు సరైన అంకె చెప్పేది మీరే!