టారో పేకతో తొలి పరిచయము

పాశ్చాత్యులు జోస్యము చెప్పుటకు వాడు టారో యను చిత్రపు పేక యొకటి ఈ నడుమ నాకు లభించినది. మన యాటపేకలో ముక్కలు 52, దీనిలో 78. ప్రతి జాతియందును రాజు, రాణి, జాకీలతోపాటు రౌతొకడు చేరుటచే నవి 56 అయినవి. తక్కిన 22 ప్రత్యేక చిత్రములు. 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో నిది ఆటకే పుట్టినది; జోస్యము పిమ్మట వచ్చినది.

క్రొత్త పేకను కలుపక మునుపు వరుసగా పఱచి చూడవలెను. నేనట్లే చేసితిని. పాత ఫ్రెంచి పేకలలో న్యాయము 8వ ముక్క, బలము 11వది. 1909లో లండనున వెలువడిన పేకలో వెయిటు దొర వీనిని తారుమారు చేసెను. నా పేక దాని ననుసరించినదే. ఇది యెఱుగక పాత గ్రంథము పట్టినచో నంకెలు పొసగవు. ఆ లండను పేకకు బొమ్మలు వ్రాసినది పమీలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి. అంతకుమున్ను చిన్న ముక్కలపై సాధారణముగా లెక్కకు తగిన గిన్నెలో కత్తులో మాత్రమే యుండెడివి. ఈమె ప్రతిదానిపై నొక సన్నివేశము నుంచెను.

13వ ముక్క మృత్యువు. దానిని చూచి గుండె జారువారు కలరు. తెల్లని గుఱ్ఱముపై అస్థిపంజరము, క్రింద కూలిన రాజు. కాని వెనుక రెండు బురుజుల నడుమ సూర్యుడు! ఒక దశ ముగిసి వేఱొకటి మొదలగుటయే దీని భావమని యా విద్యవారే చెప్పుదురు. ముక్కలు భవిష్యత్తు నెఱుగునని నేను నమ్మను. ఇంట రోగి యుండగా నెవడైన నీ ముక్క చూపి భయపెట్టి సొమ్మడిగినచో, ఆ సూర్యు డచట నేల యున్నాడో చెప్పుమనుడు.